ఆరు కూతల కథ

"వేళ ఎంతయింది?" అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకాలంటే ఇద్దరు పనివాళ్ళు కావాలి. వేళను లెక్కగట్టేవాడు ఒకడు, ఆ లెక్కను మన చెవిదాకా మోసుకొచ్చేవాడు మరొకడు. మొదటివాడి కథ తరచుగా చదువుతూనే ఉంటాం. నీటిగిన్నె, నీడగడియారం, లోలకం, స్ఫటికం, అణువు అంటూ వరసగా సాగే కథ అది. రెండవవాడిని అంతగా పట్టించుకున్నవారు తక్కువ. రెండు వందల ఏళ్ళలో ఫిరంగి, బంతి, తంతి, రేడియో, టెలివిజన్, ఉపగ్రహం అంటూ ఇన్ని వేషాలు వేసిన ఆ వార్తాహరుడి గురించి ఈ టపాలో రాయదలిచాను. ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. లెక్కగట్టేవాడు నానాటికీ నిష్ణాతుడవుతుంటే, మోసుకొచ్చేవాడు దారిలో ఆలస్యం చేయడం మొదలుపెట్టాడు. ఒక దేశంలోనైతే వాడిని కొలువులోంచి తీసివేశారు కూడా.

కథను మద్రాసు నుంచి మొదలుపెట్టడం న్యాయం. ఈస్టిండియా కంపెనీ వారు 1792లో అక్కడ వేధశాల నెలకొల్పారు. ఆ వేధశాలలో యంత్రాన్ని మోసిన రాతి స్తంభం మీద తెలుగు, తమిళం సహా పలు భాషలలో శాసనం చెక్కించారు. అక్కడ పనిచేసిన జాన్ గోల్డింగ్‌హామ్ మద్రాసు రేఖాంశాన్ని లెక్కగట్టాడు. 1802 నాటికి మద్రాసు వేళ గ్రీనిచ్ వేళ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందున్నదని తేలింది. ఇక ఈ వేళ ఊరికి తెలియాలి కదా! అందుకు సెయింట్ జార్జి కోటలో రాత్రి 8 గంటలకు ఫిరంగి పేల్చేవారు.

ఫిరంగి పెద్ద గొంతు గలదే కాని మందగామి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు మాత్రమే నడుస్తుంది. కోటకు 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న గృహస్థు ఆ మోత విని గడియారం దిద్దుకుంటే, ఆయన గడియారం దాదాపు 9 సెకన్లు వెనకబడి ఉంటుంది. సంధ్యావందనానికీ భోజనానికీ 9 సెకన్లు లెక్కలోకి రావు. ఓడ నడిపేవాడికి మాత్రం అవి ప్రాణసమానం. భూమి 4 సెకన్లలో ఒక రేఖాంశపు కళ మేర తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ కొలత సుమారు 1.85 కిలోమీటర్లు. అంటే ఓడ గడియారంలో 9 సెకన్ల తప్పు పటం మీద 4 కిలోమీటర్ల తప్పవుతుంది. రాతిగట్టు ఎక్కడున్నదో చీకట్లో వెతుక్కునేవాడికి అది చాలా దూరం.

అందుకే నావికులకు చెవికంటే కన్ను మేలన్న ఆలోచన వచ్చింది. గ్రీనిచ్ వేధశాల కప్పు మీద 1833లో ఒక పెద్ద బంతిని ఏర్పాటు చేశారు. మధ్యాహ్నం ఒంటిగంటకు కొద్ది నిమిషాల ముందు అది కొయ్య పైకి ఎక్కుతుంది, సరిగ్గా ఒంటిగంటకు జారుతుంది. థేమ్స్ నదిలో లంగరు వేసిన ఓడల వాళ్ళు దుర్భిణిలో చూసి గడియారాలు సరిచేసుకునేవారు. వెలుగు వేగం ముందు ఆ దూరం లెక్కలోనిది కాదు. అయితే పొగమంచు కమ్మిన రోజున బంతి ఉన్నా లేనట్టే. చూపుమేర దాటినవారికి ఏ రోజునా లేనట్టే.

ఆ తరువాత తంతి వచ్చింది, రైలు వచ్చింది. రైలు వచ్చాక ప్రతి ఊరికీ సొంత వేళ ఉండడం కుదరలేదు. మన నేలనే చూడండి. పడమటి వైపు అనంతపురానికీ, ఈశాన్య మూల ఇచ్ఛాపురానికీ సూర్యుడి లెక్కలో దాదాపు 28 నిమిషాల తేడా ఉంది. రైళ్ళు చాలాకాలం మద్రాసు వేళను అనుసరించాయి. చివరకు 1906 జనవరి 1 నుంచి తూర్పు రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాలను ఆధారం చేసుకుని, గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందుండే భారతీయ ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. ఆ రేఖ మీర్జాపూర్ పక్కగా పోతుందని బడిలో చదువుకున్నాం. అదే రేఖ దక్షిణానికి దిగివచ్చి, తునికి చేరువలో మన తీరాన్ని దాటి, కాకినాడకు తూర్పున సముద్రంలో కలుస్తుందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. దేశం మొత్తానికి వేళ చెప్పే గీత మన తూర్పుగోదావరి వాకిట్లోంచి పోతున్నదన్నమాట! మద్రాసు గడియారాలు 8 నిమిషాల 46 సెకన్లు ముందుకు జరిగితే సరిపోయింది. హైదరాబాదు సూర్యుడు ఈ గీత లెక్కకు దాదాపు 16 నిమిషాలు వెనక.

బొంబాయి మాత్రం ఒప్పుకోలేదు. తన సొంత వేళకు ఈ కొత్త వేళ 39 నిమిషాలు ముందుండడం అక్కడివారికి రుచించలేదు. ప్రభుత్వం మీది కినుక గడియారం మీదికి మళ్ళింది. ఆ ఊరు 1955 వరకు, కలకత్తా 1948 వరకు సొంత వేళలను ఏదో ఒక రూపంలో అట్టే పెట్టుకున్నాయి. రైల్వేస్టేషనులో ఒక వేళ, పురపాలక భవనం మీద మరొక వేళ. కాగితం మీద ప్రామాణిక కాలం ప్రకటించడం సులువు. దాన్ని ఇంటింటికీ చేర్చే సాధనం లేనంతవరకు అది దస్తావేజులోని మాటగానే ఉండిపోతుంది. ఆ సాధనం నిస్తంత్రి రూపంలో వచ్చింది.

పారిస్‌లోని ఐఫెల్ గోపురం మీదినుంచి 1910లో వేళ సంకేతాలు ప్రసారం కావడం మొదలైంది. నడిసముద్రంలో ఉన్న ఓడకు, మబ్బు పట్టినా రాత్రయినా, రేవు కనుచూపు మేరలో లేకపోయినా వేళ అందసాగింది. రేడియో తరంగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఈ వేగం ఏమిటో మన ఇంటి లెక్కలో చెప్పుకుందాం. ప్రసార కేంద్రానికి 100 కిలోమీటర్ల దూరంలో మీరున్నారనుకోండి. కేంద్రం నుంచి మీ రేడియో దాకా రావడానికి తరంగానికి పట్టేది సెకనులో మూడువేల వంతు. ఆ రేడియో నుంచి గదిలో 3 మీటర్ల దూరాన ఉన్న మీ చెవికి చేరడానికి శబ్దానికి పట్టేది సెకనులో నూటపదిహేనో వంతుకు అటూ ఇటూగా. జిల్లా దాటి రావడం కంటే గది దాటి రావడమే ఆలస్యమన్నమాట! ఫిరంగి కాలంనుంచి వేధిస్తున్న దూరం సమస్య ఈ ఒక్క అడుగుతో దాదాపుగా తీరిపోయింది.

ఇప్పుడు శీర్షికలోని ఆరు కూతల దగ్గరికి వస్తాను. 1923లో ఫ్రాంక్ హోప్-జోన్స్ అనే గడియారాల నిపుణుడు బీబీసీ రేడియోలో ప్రసంగం చేస్తూ, చివర కొన్ని సెకన్లను తానే నోటితో లెక్కపెట్టి వేళ చెప్పాడు. మనిషి నోటికి బదులు గ్రీనిచ్ గడియారమే నేరుగా మాట్లాడితే బాగుంటుందన్న ఆలోచన సాగింది. వేధశాల అధిపతి ఫ్రాంక్ డైసన్, బీబీసీ పెద్ద జాన్ రీత్ కలిసి దాన్ని నిజం చేశారు. 1924 ఫిబ్రవరి 5 రాత్రి తొమ్మిదిన్నరకు ఆ కూతలు మొదటిసారి వినబడ్డాయి. వేధశాలలో రెండు గడియారాల లోలకాలకు విద్యుత్ స్పర్శలు అమర్చారు. ఒకటి మొరాయిస్తే రెండవది ఉండాలని ఆ జంట. సెకనుకొక విద్యుత్ తాకిడి తీగ మీదుగా లండన్ చేరుతుంది, అక్కడ బీబీసీ దాన్ని కూతగా మారుస్తుంది.

ఒక్క కూత చాలదా, ఆరెందుకు? ఒక్కటే వినబడితే మనిషి ఉలిక్కిపడి గడియారం వైపు చూసేసరికి సెకను దాటిపోతుంది. అయిదు కూతలు వరసగా వస్తే చెవి ఆ లయను పట్టుకుని, ఆరవదాని కోసం సిద్ధంగా ఉంటుంది. తాళం వేసేవాడికి సమం ఎక్కడ పడుతుందో ముందే తెలిసినట్టు. మొదట్లో ఆరూ ఒకే పొడవుగా ఉండేవి. రేడియో మధ్యలో తిప్పినవాడికి ఏది చివరిదో తెలిసేది కాదు. అందువల్ల 1972 ఆరంభం నుంచి చివరి కూతను సాగదీశారు. మొదటి అయిదూ సెకనులో పదో వంతు, ఆరవది అర సెకను. ఆ పొడుగు కూత మొదలయ్యే క్షణమే గంట మారే క్షణం. వినేవాడి ఇబ్బందిని చూసి చేసిన చిన్న సవరణ ఇది. వేళ సంకేతాల చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టమైనది కూడా ఇదే.

ఈలోగా లెక్కగట్టేవాడు కూడా ఊరుకోలేదు. 1920లలో షార్ట్ లోలకం వచ్చింది, దాని తప్పు సంవత్సరానికి సెకను ప్రాంతంలో ఉండేది. ఆ దశాబ్దం చివరికి స్ఫటిక గడియారం పుట్టింది. 1955లో ఇంగ్లండులో లూయీ ఎసెన్ బృందం సీజియం అణు గడియారాన్ని నడిపి చూపింది. 1967లో సెకను నిర్వచనమే మారిపోయింది. భూమి తిరుగుడులో ఒక భాగంగా ఉన్న సెకను, సీజియం అణువు వెలువరించే వికిరణపు 919,26,31,770 డోలనాలుగా మారింది. భూమి కంటే గడియారం నిలకడైనదని మనుషులు తీర్మానించారు. దాంతో భూమికీ గడియారానికీ అప్పుడప్పుడు సంధి కుదర్చవలసి వచ్చింది. 1972 నుంచి 2016 చివరిదాకా 27 అధిక సెకన్లు కలిపారు. చివరిది మన దేశంలో 2017 జనవరి 1 ఉదయాన పడింది. ఆ వేకువన 5 గంటల 29 నిమిషాల 59 సెకన్ల తరువాత అరవయ్యో సెకను వచ్చి, ఆ తరువాతే అయిదున్నర అయింది. పంచాంగంలో అధికమాసం ఎరిగిన జాతికి ఇది వింతగా తోచదు. ఈ పద్ధతిని 2035 నాటికి సడలించాలని 2022లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ నిర్ణయించింది.

మన దేశంలో ఈ లెక్కల బాధ్యత ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. 1950ల చివరి నుంచి అక్కడివారు ఏటీఏ అనే పిలుపుతో హ్రస్వతరంగాల మీద వేళ సంకేతాలు పంపారు. అమెరికాలో డబ్ల్యూడబ్ల్యూవీ అంతకు ముందే, 1930ల నుంచి, సెకన్ల టిక్కులు వినిపిస్తున్నది. హ్రస్వతరంగం పైవాతావరణంలోని అయనావరణాన్ని తాకి వెనక్కి వాలుతూ వేల కిలోమీటర్లు పోగలదు. అదే దాని బలం, అదే బలహీనత. ఆ పొర పగలొక ఎత్తున, రాత్రొక ఎత్తున ఉంటుంది. దారి పొడవు మారితే అందే క్షణమూ మారుతుంది. గడియారం సెకనులో లక్షో వంతు తప్పకపోయినా, సంకేతం మాత్రం వెయ్యో వంతు దగ్గర తడబడుతుంది. దేశం నలుమూలలా ఉన్న పరిశోధకులకు ఏటీఏ ఎంతో కాలం ఆధారమైంది. ఇప్పుడు ఆ గొంతు వినబడదు.

సామాన్యుడికి ఏటీఏ పేరు తెలియదు. ఆయనకు తెలిసినది ఆకాశవాణి. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. హైదరాబాదు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. అక్కడినుంచి తెలుగువాడి ఇంట్లో వార్తల ముందరి కూతలే ప్రామాణిక కాలం.

మా తాతగారి పడమటింటి గోడకు కీ ఇచ్చే లోలకపు గడియారం ఒకటి ఉండేది. గంటలు కొట్టే గడియారాల ముళ్ళను వెనక్కి తిప్పితే లోపలి గంటల లెక్క చెడుతుందని ఆయన ముళ్ళు వెనక్కి తిప్పనిచ్చేవారు కారు. గడియారం ముందుకు పోయిందనిపిస్తే లోలకాన్ని వేలితో ఆపి, రేడియోలో వార్తల వేళ దాకా ఆగేవారు. చివరి కూత పడగానే లోలకాన్ని వదిలేవారు. వారం వారం ఎంత తేడా వచ్చిందో కాలెండరు వెనక పెన్సిలుతో రాసుకుని, లోలకపు గుండు కింది మరను అరచుట్టు పైకో కిందికో తిప్పేవారు. ఎండాకాలంలో కడ్డీ సాగి గడియారం మందగిస్తుందని, అందుకు మరను పైకి బిగించాలని నాకు చెప్పింది ఆయనే. పక్కింటి మాస్టారు చేతిగడియారం పట్టుకుని ఆ వేళకే వచ్చి అరుగు మీద కూర్చునేవారు. వీధిలో ఎవరింట పురుడు వచ్చినా "రేడియో టైమేనా?" అని అడిగి మరీ పుట్టిన వేళ రాసుకునేవారు. లగ్నం సగటున రెండు గంటలకొక రాశి మారుతుందని నమ్మి లెక్కవేసే వారికి పది నిమిషాల తప్పు జాతకాన్నే మార్చేస్తుంది. జ్యోతిషాన్ని నమ్మడం, నమ్మకపోవడం వేరే చర్చ. ఆ ప్రశ్నలో ఉన్న నమ్మకం మాత్రం రేడియో మీదిది. 1906లో కాగితం మీద పుట్టిన ప్రామాణిక కాలం మా వీధికి చేరింది ఆ కూతలతోనే.

టెలివిజన్ కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. పాతకాలపు అనలాగ్ టీవీ బొమ్మ సెకనుకు 25 సార్లు గీయబడేది. ఒక్కో బొమ్మలో 625 గీతలు, ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు. కేంద్రమూ ఇంట్లోని పెట్టె అడుగు కలిపి నడవడానికి ప్రతి గీతకూ ఒక సమన్వయ స్పందన వెంట వస్తుంది. 1960లలో చెకొస్లొవేకియా శాస్త్రజ్ఞులు దీనితో ఒక ఉపాయం పన్నారు. రెండు ప్రయోగశాలలు ఒకే టీవీ కేంద్రాన్ని చూస్తూ, ఫలానా స్పందన తమ గడియారం ప్రకారం ఎప్పుడు అందిందో రాసుకోవాలి. తరువాత అంకెలు సరిపోల్చుకుని, దారి తేడా తీసివేస్తే, రెండు గడియారాల మధ్య వ్యత్యాసం మైక్రోసెకన్లలో తేలిపోతుంది. టీవీ కేంద్రానికి వేళ తెలియనవసరం లేదు. అక్కడ నాటకం వస్తున్నదా, ఫుట్‌బాల్ వస్తున్నదా అన్నదీ అనవసరం.

అమెరికా ప్రమాణాల సంస్థ మరో అడుగు వేసింది. రెండు బొమ్మల మధ్య తెరమీద కనబడని గీతలు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకదాంట్లో అంకెలుగా వేళను దాచి పంపితే, ప్రతి ఇంటి టీవీ అణుగడియారం చెప్పిన వేళను చూపుతుందని 1970ల ఆరంభంలో ఏబీసీ సంస్థతో కలిసి ప్రయోగాలు చేసింది. వేళ సేవగా అది నిలదొక్కుకోలేదు. కాని అంకెలు పట్టిన చోట అక్షరాలు కూడా పడతాయి కదా అని ఎవరికో తట్టింది. 1972 ఫిబ్రవరి 15న వాషింగ్టన్‌లోని బధిరుల కళాశాల గాలడెట్‌లో, సంభాషణలను అక్షరాలుగా దాచిపెట్టిన టీవీ కార్యక్రమాన్ని ప్రదర్శించారు. 1980 మార్చి 16 నుంచి ఆ సేవ క్రమబద్ధంగా మొదలైంది. వినలేనివారికి టీవీని చదువుకునే వీలు కల్పించిన సదుపాయం గడియారం దిద్దే ప్రయత్నంలోంచి పుట్టింది. ఆ కృషికి ప్రమాణాల సంస్థకు ఎమ్మీ పురస్కారం కూడా దక్కింది.

మన దేశంలో 1980ల చివర జాతీయ భౌతిక ప్రయోగశాల ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా ప్రామాణిక వేళను ప్రసారం చేసింది. ఉపగ్రహం భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి పోయి కిందికి రావడానికే దాదాపు పావు సెకను పడుతుంది. పైగా ఉపగ్రహం కదలకుండా నిలబడిందని అంటామే కాని, ఆకాశంలో కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. మనవాళ్ళు చేసిన తెలివైన పని ఏమిటంటే, వేళతో పాటు ఉపగ్రహం అప్పుడెక్కడున్నదో కూడా ఆ సంకేతంలోనే చెప్పారు. అందుకునే యంత్రం తానున్న చోటు నుంచి దూరం లెక్కగట్టి, ఆలస్యాన్ని తీసివేసి, మైక్రోసెకన్ల స్థాయిలో వేళ చూపేది. ఇక్కడ సూత్రం గమనించండి. ఆలస్యం ఉండడం తప్పు కాదు. ఎంత ఆలస్యమో చెబితే అది తప్పుల లెక్కలోంచి వెళ్ళిపోతుంది.

తరువాతి కాలంలో మరచిపోయింది ఈ సూత్రాన్నే.

అంకాత్మక ప్రసారం వచ్చాక ధ్వనినీ బొమ్మనూ ముక్కలు చేసి, కుదించి, పొట్లాలు కట్టి, పంపి, విప్పి వినిపిస్తున్నారు. విప్పే పెట్టె కొంత సరుకును ముందుగా నిల్వ చేసుకుంటే గాని మాట తెగకుండా రాదు. ఆ నిల్వే ఆలస్యం. ఇటీవల ఒక ఉదయం నేను ఒకే కార్యక్రమాన్ని మూడు చోట్ల పెట్టి విన్నాను. పాత ట్రాన్సిస్టరులో కూత పడి, వార్తలు చదివేవారు నమస్కారం చెప్పిన తరువాత టీవీకి తగిలించిన ఉపగ్రహ పెట్టెలో కూత పడింది. ఫోనులో అదే కూత వచ్చేసరికి ట్రాన్సిస్టరులో ముఖ్యాంశాలు మొదలయ్యాయి. మూడింటిలోనూ అదే గంభీరమైన చివరి కూత, మూడూ మూడు వేళలు! ఏ పెట్టెకు ఎంత ఆలస్యమో కంపెనీని బట్టి, గొట్టాన్ని బట్టి, ఆనాటి జాల రద్దీని బట్టి మారుతుంది. ఫిరంగి మోతకు మూడు కిలోమీటర్ల దూరాన ఉన్నవాడి తప్పు రోజూ ఒకటే. తెలిసినవాడు తీసివేసుకోగలడు. ఈ కొత్త తప్పు ఎంతో ఎవరికీ తెలియదు. సెకన్ల లెక్కకు వస్తే 1802 నాటి కోట ఫిరంగి దగ్గరికే తిరిగి వచ్చామన్నా అతిశయోక్తి కాదు.

ఈ చిక్కును వేర్వేరు దేశాలు వేర్వేరుగా ఎదుర్కొన్నాయి. కెనడాలో 1939 నవంబరు 5 నుంచి ప్రతిరోజూ సీబీసీ రేడియో జాతీయ పరిశోధన మండలి వేళ సంకేతాన్ని వినిపించేది. తరతరాలు గడియారాలు దిద్దుకున్న ఆ ప్రసారాన్ని 2023 అక్టోబరు 9న ఆపివేశారు. ఉపగ్రహం, జాలం వంటి పలు దారుల ఆలస్యాల వల్ల ఇక ఖచ్చితత్వానికి పూచీ పడలేమన్నది వారు చెప్పిన కారణం. బీబీసీ 1990 ఫిబ్రవరి 5 నుంచి కూతలను తానే పుట్టిస్తున్నది. అంకాత్మక రేడియోలో అవి ఆలస్యంగా వినబడతాయని తెలిసినా మానలేదు. ఫ్రాన్సు మూడో దారి పట్టింది. 2016 చివరిలో 162 కిలోహెర్ట్జ్ దీర్ఘతరంగం మీద మాటలూ పాటలూ ఆపివేసింది గాని, రైల్వేలు, విమానాశ్రయాలు వంటి చోట్ల గడియారాలు ఆధారపడిన వేళ సంకేతాన్ని మాత్రం అదే తరంగం మీద కొనసాగించింది. గానం ఆగినా శ్రుతి మిగిలింది.

కెనడా వారి నిజాయితీని నేను గౌరవిస్తాను. కాని ఒప్పుకోలేను. అబద్ధం చెప్పడం కంటే మౌనం మేలే. అయితే మౌనం కంటే సరైన మాట ఇంకా మేలు కదా. ఆ మాట చెప్పే మార్గాలు ఇప్పటికే చేతిలో ఉన్నాయి. ఎఫ్ఎం రేడియోలో పాటతో పాటు కంటికి కనబడని సమాచారం పంపే ఆర్‌డీఎస్ పద్ధతి ఉంది. అందులో తేదీకి, వేళకు ప్రత్యేకమైన చోటు కేటాయించారు. స్థానిక వేళ తేడాను అరగంటల లెక్కన చెప్పే వీలు కూడా ఉంది. మన అయిదున్నర గంటలకు అచ్చంగా సరిపోతుంది! సరిగా అమరిస్తే సెకనులో పదో వంతు లోపు వేళ చెప్పగలదు. గత దశాబ్దంలో ఆకాశవాణి మధ్యమతరంగాల మీద ముప్పైకి పైగా కేంద్రాలలో నెలకొల్పిన డీఆర్‌ఎం అంకాత్మక రేడియోలోనూ, టీవీ ప్రసార ప్రమాణాలలోనూ అటువంటి చోట్లు ఉన్నాయి. లోపమల్లా ఆ చోటును శ్రద్ధగా నింపకపోవడం. కేంద్రంలోని కంప్యూటరు గడియారం తప్పితే దేశంలోని పెట్టెలన్నీ అదే తప్పును శ్రద్ధగా చూపుతాయి. ఇన్సాట్ రోజుల సూత్రం ఇక్కడ పనికొస్తుంది. ప్రతి పొట్లం మీద అది బయలుదేరిన వేళ ముద్ర ఉండాలి. విప్పే పెట్టె తన ఆలస్యాన్ని కలుపుకుని వేళ చూపాలి. చెవికి వినబడే కూత ఆనవాయితీగా మిగిలినా, గడియారాన్ని దిద్దే పని ఆ ముద్రది కావాలి.

ఫోనులో వేళ ఎప్పుడూ సరిగానే ఉంటుంది, ఇంకా ఈ రేడియో గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. ఫోను వేళ అంతిమంగా చాలాచోట్ల జీపీఎస్ వంటి ఉపగ్రహాల నుంచే వస్తుంది. 20 వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే ఆ సంకేతం చాలా బలహీనమైనది. చిన్న యంత్రంతో దాన్ని నొక్కివేయవచ్చు, మాయమాటలతో మభ్యపెట్టవచ్చు. విద్యుత్ గ్రిడ్లు, బ్యాంకులు, టెలిఫోను గోపురాలు అన్నీ ఒకే వార్తాహరుడిని నమ్ముకుంటే, ఆయన గొంతు పోయిన రోజున అన్నీ ఒకేసారి తడబడతాయి. గ్రీనిచ్‌లో 1924లోనే రెండు గడియారాలు పెట్టినవారి జాగ్రత్త మనకూ ఉండాలి.

మన ప్రభుత్వం ఈ దిశలో కదలకపోలేదు. జాతీయ భౌతిక ప్రయోగశాల, ఇస్రోలతో కలిసి అహ్మదాబాదు, బెంగుళూరు, భువనేశ్వర్, ఫరీదాబాదు, గువాహతిలలోని అయిదు ప్రయోగశాలల నుంచి ప్రామాణిక కాలాన్ని పంచే ప్రయత్నం తలపెట్టింది. అధికారిక, వాణిజ్య వ్యవహారాలకు భారతీయ ప్రామాణిక కాలాన్నే వాడాలంటూ 2025 జనవరిలో ముసాయిదా నియమాలను ప్రజల ముందు పెట్టింది. కంప్యూటర్లకు అది మేలు చేసే పని. నా కోరిక చిన్నది. ఆ అయిదు చోట్ల తయారయ్యే వేళను తీగ మీద సర్వర్లకు పంపినట్టే, గాలి మీద ఆకాశవాణికి కూడా పంపాలి. ఖాతా తెరవనవసరం లేకుండా, డేటా ఖర్చు లేకుండా, ఎవరు ఎక్కడ వింటున్నారో ఎవరికీ తెలియకుండా అందే వేళ అదొక్కటే. వరదలో సెల్ గోపురాలు కూలిన నాడు కూడా, రెండు బ్యాటరీల రేడియో ఉన్న లంకగ్రామానికి అందే వేళ అది.

1906లో ఒక గీత గీసి దేశానికంతటికీ ఒకే వేళ అన్నారు. ఆ మాట నిజం కావడానికి రేడియో కావలసి వచ్చింది, అర్ధశతాబ్దం పట్టింది. పెట్టెపెట్టెకూ ఒక వేళ అయ్యే ఈ రోజుల్లో ఆ మాటను నిలబెట్టుకోవడానికి కొత్త కనిపెట్టులేవీ అవసరం లేదు. ఉన్న ప్రసారంలో ఖాళీగా పడివున్న చోటును సరైన అంకెతో నింపితే చాలు.